అంతర్జాల పాఠ్యసేకరణ, గ్రిడ్ ప్రదర్శన: తెలుగు సాహిత్య పరిశోధనలో కోడ్ లైబ్రరీల వినియోగం

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్య పరిశోధనకు అవసరమైన పాఠ్యం నేడు అంతర్జాలంలో విస్తారంగా లభిస్తున్నది. దానిని కోడ్ లైబ్రరీల సహాయంతో సేకరించి, గ్రిడ్ రూపంలో అమర్చి, ఆ గ్రిడ్‌లో వెతికి నిర్ధారణలకు రావడం పరిశోధకులకు క్రమంగా అలవాటవుతున్నది. ఎన్ని పేజీలు తేవాలి, బైట్లను ఏ లిపిగా చదవాలి, పదాన్ని ఎక్కడ విరవాలి, ఏ క్రమంలో పేర్చాలి అనే విషయాలలో పరిశోధకులు ఏమీ చెప్పకపోతే లైబ్రరీ తనకు తానే నిర్ణయం తీసుకొంటుంది. ఆ నిర్ణయాలు తెలుగు లిపి విషయంలో ఎక్కడెక్కడ తప్పుతాయో, వాటిని ఎలా గుర్తించి సరిచేసుకోవచ్చునో తెలుగు వికీసోర్స్ ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాఠ్యసేకరణ, గ్రిడ్, యూనికోడ్, మీడియావికీ ఏపీఐ, అకారాది క్రమం, పాఠనిర్ణయం.

ఉపోద్ఘాతం

పదప్రయోగాలపై పరిశోధన చేసేవారు పూర్వం ఒక్కొక్క ప్రయోగాన్ని ఒక్కొక్క చీటీ మీద రాసుకొని అకారాదిగా పేర్చుకొనేవారు. చీటీ రాసినవారూ పేర్చినవారూ ఒకరే కావడంవల్ల ఏది చేరింది, ఏది జారిపోయి ఉండవచ్చు అన్న విషయంలో వారికి కొంత ఎరుక ఉండేది. ఇప్పుడు ఆ చీటీల కట్ట స్థానంలోకి గ్రిడ్ వచ్చింది. అడ్డువరుసకు ఒక పద్యమో పేజీయో, నిలువువరుసకు ఒక వివరమో ఉండి, పైన ఒక వెతుకుపెట్టె, శీర్షికపై నొక్కగానే మారే క్రమం గల పట్టిక ఇది. దీనిని నిర్మించడానికి కంప్యూటర్ శాస్త్రంలో పట్టా అవసరం లేదు. పైథాన్‌లో ఇరవై ముప్ఫై పంక్తులు, జావాస్క్రిప్ట్‌లో మరికొన్ని పంక్తులు రాయగలిగితే చాలు. మిగిలిన పనంతా లైబ్రరీలు చేసిపెడతాయి.

అయితే ఆ మిగిలిన పనిలోనే పరిశోధనకు సంబంధించిన కీలక నిర్ణయాలు ఉంటాయి. ముఖ్యంగా అభావాన్ని గురించి చేసే నిర్ధారణలు వీటిపై ఆధారపడతాయి. ఒక కవి ఫలానా పదాన్ని ఎక్కడా వాడలేదని సిద్ధాంత గ్రంథంలో రాయడానికి గ్రిడ్‌లోని వెతుకుపెట్టె సున్న ఫలితాలు చూపడం ఒక్కటే ఆధారమైతే, ఆ సున్న కవిదా లైబ్రరీదా అన్నది తేల్చుకొనవలసిన బాధ్యత పరిశోధకులదే. ప్రయోగం ఉన్నచోట కంటికి కనబడుతుంది కనుక ఉన్నదన్న నిర్ధారణలో పొరపాటు బయటపడుతుంది. లేదన్న నిర్ధారణలో దోషం ఉన్నా ఎవరికీ కనబడదు, పరీక్షకులకు కూడా.

పాఠ్యాన్ని తెచ్చుకొనే మార్గాలు

అంతర్జాలం నుండి పాఠ్యాన్ని తెచ్చుకోవడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది, పాఠకుల కోసం రూపొందిన వెబ్‌పేజీని ఉన్నదున్నట్లు దింపుకొని, దానిలోని హెచ్‌టీఎమ్‌ఎల్ గుర్తుల మధ్య నుండి కావలసిన భాగాన్ని ఏరుకోవడం. పైథాన్‌లో దింపుకొనే పనిని రిక్వెస్ట్స్ అనే లైబ్రరీ, ఏరుకొనే పనిని బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీ చేస్తాయి. లియొనార్డ్ రిచర్డ్‌సన్ 2004లో విడుదల చేసిన ఈ రెండవ లైబ్రరీ పేరు లూయిస్ కరోల్ రాసిన ఆలిస్ కథలోని ఒక పాట నుండి వచ్చింది. గజిబిజిగా రాసిన పేజీలను కూడా ఓర్పుతో చదవగలగడం దాని ప్రత్యేకత.

రెండవ మార్గం, సర్వర్ యంత్రాల కోసమే తెరిచి ఉంచిన ద్వారం గుండా అడగడం. దీనిని ఏపీఐ అంటారు. వికీపీడియా, వికీసోర్స్‌లకు ఆధారమైన మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి ఏపీఐ ఉన్నది. ఒక వర్గంలోని పేజీల జాబితా, ఒక పేజీ పాఠ్యం, దాని సవరణల చరిత్ర వంటివి అడిగితే జేసన్ అనే క్రమబద్ధ రూపంలో సమాధానం వస్తుంది. ఏపీఐ ఉన్నచోట వెబ్‌పేజీని చీల్చి ఏరుకొనే పనికి పూనుకోవడం అనవసర శ్రమ. పేజీ రూపురేఖలు మారిన నాడు ఏరుకొనే కోడ్ పనికిరాకుండా పోతుంది. ఏపీఐ సమాధానపు నిర్మాణం అంత తరచుగా మారదు.

ఏపీఐ వాడేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు సంఖ్యకు సంబంధించినది. ఒక వర్గంలోని పేజీల జాబితాను అడిగినపుడు ఎన్ని కావాలో చెప్పకపోతే మీడియావికీ 10 పేర్లు మాత్రమే ఇస్తుంది. గరిష్ఠంగా అడిగినా సాధారణ వాడుకరికి ఒకసారికి 500 పేర్లు వస్తాయి. ఇంకా మిగిలి ఉంటే సమాధానంలో ‘కంటిన్యూ’ అనే చిన్న భాగం చేరుతుంది. దానిని తదుపరి ప్రశ్నకు జోడించి, ఆ భాగం రావడం ఆగేవరకు అడుగుతూనే ఉండాలి. ఈ వలయాన్ని రాయని కోడ్ ఏ దోషసూచనా చూపదు, సరిగా 500 వరుసలతో ముగుస్తుంది. ఒక గ్రిడ్‌లో కచ్చితంగా 10, 500 వంటి గుండ్రని సంఖ్యలో వరుసలు కనబడితే అనుమానించడం మంచి అలవాటు.

సేకరణలో మర్యాద కూడా ఒక భాగం. ఏయే భాగాలలోకి యంత్రాలు రాకూడదో తెలిపే రోబోట్స్ ఫైల్ ఒప్పందాన్ని మార్టైన్ కోస్టర్ 1994లో ప్రతిపాదించగా, 2022లో అది అధికారిక ప్రమాణంగా వెలువడింది. వికీమీడియా సంస్థ తన సర్వర్లను అడిగే ప్రతి కోడ్ తాను ఎవరో, ఎవరిని సంప్రదించవచ్చో తెలిపే పరిచయ వాక్యాన్ని ప్రశ్నతో పంపాలని కోరుతుంది. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య కొంత విరామం ఇవ్వడం, ఒకసారి దింపిన పేజీని తన కంప్యూటర్‌లో భద్రపరచుకొని మళ్లీ అడగకుండా ఉండడం ఇరుపక్షాలకూ మేలు.

ఏపీఐ లేని చిన్న జాలస్థలాలలో వెబ్‌పేజీని ఏరుకోవడం తప్పనిసరి. పద్యసాహిత్యం విషయంలో ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. పద్యపాదాల మధ్య పంక్తిని విరిచే గుర్తు హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఒక ట్యాగ్ మాత్రమే. దానిలో పాఠ్యమంటూ ఏదీ ఉండదు. బ్యూటిఫుల్ సూప్‌లో పాఠ్యాన్ని మాత్రమే తీసే ఆదేశాన్ని మామూలుగా వాడితే ట్యాగులన్నీ తొలగి, మూల కోడ్‌లో వేరే ఖాళీ లేనిచోట మొదటి పాదం చివరి పదమూ రెండవ పాదం మొదటి పదమూ అతుక్కుపోతాయి. ప్రాస ప్రతిపాదంలోని రెండవ అక్షరానికి సంబంధించినది, యతి పాదారంభంతో ముడిపడినది. పాదం ఎక్కడ మొదలయిందో తెలియని పాఠ్యం మీద ఛందఃపరిశీలన సాగదు. పాఠ్యం తీసే ఆదేశానికి విభజన చిహ్నాన్ని ఇవ్వడం ద్వారా ఈ నష్టాన్ని నివారించవచ్చు. అధోజ్ఞాపికల అంకెలు, ముద్రిత ప్రతి పేజీసంఖ్యలు పద్యం మధ్యలో చొరబడకుండా వాటి ట్యాగులను ముందుగానే తొలగించుకోవాలి.

బైట్లనుండి అక్షరాలకు

యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి తొలి సంచికలోనే తెలుగుకు చోటు లభించింది. తెలుగు విభాగానికి 128 స్థానాలు కేటాయించారు. యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచినపుడు ఆ విభాగంలోని ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడుతుంది. ‘తెలుగు’ అనే పదంలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు యూనికోడ్ గుర్తులు, అంటే 18 బైట్లు. రిక్వెస్ట్స్ లైబ్రరీ వెబ్‌పేజీని దింపినపుడు, ఆ బైట్లను ఏ పద్ధతిలో చదవాలో సర్వర్ తన శీర్షికలో తెలపకపోతే, పాత ప్రమాణాన్ని అనుసరించి లాటిన్-1 పద్ధతిని ఎంచుకొంటుంది. ఫలితంగా ఆ 18 బైట్లు 18 వేర్వేరు లాటిన్ గుర్తులుగా మారి, యాసలు తగిలించిన రోమన్ అక్షరాల వరుసగా కనబడతాయి. వికీసోర్స్ సర్వర్లు పద్ధతిని స్పష్టంగా తెలుపుతాయి కనుక అక్కడ ఈ ఇబ్బంది రాదు. ఏళ్ల క్రితం ఏర్పాటుచేసి వదిలేసిన జాలస్థలాలలో ఇది తరచు ఎదురవుతుంది. దింపిన వెంటనే, పాఠ్యంగా చదవడానికి ముందు, పద్ధతి యూటీఎఫ్-8 అని ఒక పంక్తిలో చెబితే సరిపోతుంది. ఇది బయటికి కనబడే దోషం కనుక పెద్దగా హాని చేయదు.

కంటికి కనబడనివి అసలైన సమస్యలు. వాటిలో మొదటిది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వమూ దాని కింద చేరే ఐత్వపు భాగమూ అనే రెండు గుర్తులుగా రాయవచ్చు. తెలుగు విభాగంలో ఇట్లా రెండు రూపాలను ప్రమాణమే సమానమని అంగీకరించిన గుర్తు ఇదొక్కటే. తెరమీద ‘శైలి’ రెండు విధాలా ఒకేలా కనబడుతుంది. బైట్లను మాత్రమే పోల్చే వెతుకుపెట్టెకు అవి రెండు వేర్వేరు పదాలు. పాత మాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ ఫైళ్ల పేర్లను విడదీసిన రూపంలో భద్రపరిచేది. కనుక అక్కడినుండి ఫైళ్ల పేర్ల ఆధారంగా గ్రంథసూచిక తయారుచేసుకొన్నవారికి ఇది ఎదురుకావచ్చు. పైథాన్‌లోని యూనికోడ్ డేటా లైబ్రరీలో ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకీకరణ ఆదేశం ఈ రెంటినీ ఒకటి చేస్తుంది.

ఏకీకరణతో తీరని చిక్కు రెండవది. ‘హైదరాబాద్‌లో’ అని రాసేటపుడు దకారపు పొల్లు లకారంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డులు ఒక అదృశ్య గుర్తును చేరుస్తాయి. ఒకరు ఆ గుర్తుతో టైపుచేస్తారు, మరొకరు ఖాళీ వదిలి టైపుచేస్తారు, ఇంకొకరు ఏదీ లేకుండా ‘హైదరాబాద్లో’ అని వదిలేస్తారు. ఆధునిక వచనంలో అన్యదేశ్యాల లెక్క తీసేవారికి ఒకే పదం మూడు పదాలుగా చీలిపోతుంది. ఎన్‌ఎఫ్‌సీ ఈ గుర్తును ముట్టుకోదు. మూడవ చిక్కు పూర్ణానుస్వారానికీ తెలుగు అంకె సున్నకూ ఉన్న రూపసామ్యం. ఒకదాని స్థానంలో మరొకటి టైపయితే కంటికి తేడా తెలియదు, యంత్రానికి తెలియకపోవడమంటూ ఉండదు.

వీటన్నింటికీ ఒకే పరిష్కారం ఉన్నది. గ్రిడ్‌లో ప్రతి పాఠ్యానికి రెండు నిలువువరుసలు ఉంచుకోవాలి. ఒకటి మూలపాఠం. దింపినది దింపినట్లు ఉండాలి, దానిమీద ఏ సంస్కారమూ జరగకూడదు. రెండవది శోధనపాఠం. ఇందులో ఏకీకరణ చేసి, అదృశ్య గుర్తులను తొలగించి, హల్లు పక్కన వచ్చిన అంకె సున్నను అనుస్వారంగా మార్చుకోవచ్చు. వెతుకుపెట్టెకు రెండవదానిని, పాఠకుల కంటికి మొదటిదానిని అప్పగించాలి. పాఠపరిష్కర్తలు మూలప్రతినీ పరిష్కృతపాఠాన్నీ వేరుగా ఉంచే సంప్రదాయం తెలుగులో ఎప్పటినుండో ఉన్నది. అదే క్రమశిక్షణ ఇక్కడా అవసరం.

పదం విరిగే చోటు

పదసంఖ్యలు లెక్కించేవారు పైథాన్‌లో ‘ఆర్‌ఈ’ అనే లైబ్రరీని వాడుతారు. దానిలో పదానికి చెందిన గుర్తు అనే భావనకు ఒక సంకేతం ఉన్నది. ఆ సంకేతం అక్షరాలను, అంకెలను స్వీకరిస్తుంది. లిపిలో అక్షరాన్ని ఆశ్రయించి ఉండే గుర్తులను, అంటే తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మొదలైనవాటిని స్వీకరించదు. ఫలితం వింతగా ఉంటుంది. ‘తెలుగు’ అనే పదం ‘త’, ‘ల’, ‘గ’ అనే మూడు ముక్కలవుతుంది. ‘పద్యం’ అనేది ‘పద’, ‘య’ అనే రెండు ముక్కలవుతుంది.

యంత్రాభ్యసనంలో విస్తృతంగా వాడే సైకిట్-లెర్న్ లైబ్రరీలోని పదగణన సాధనం ఇదే సంకేతంపై ఆధారపడటమే కాక, ఒక్క గుర్తు మాత్రమే ఉన్న ముక్కలను పదాలు కావని వదిలేస్తుంది. ఏ మార్పూ చేయకుండా దానికి తెలుగు పాఠ్యాన్ని ఇస్తే ‘తెలుగు’ అనే పదం లెక్కలోకే రాదు. ‘పద్యం’ వచ్చినచోట ‘పద’ అని నమోదవుతుంది. గుణింతపు గుర్తులు లేని ‘కమల’ వంటి పదాలు మాత్రం చెక్కుచెదరకుండా నిలుస్తాయి. ఇట్లా తయారైన పదపట్టిక మీద కర్తృత్వ నిర్ణయమో శైలీ పరిశీలనో చేస్తే, చివరకు వచ్చే సంఖ్యలు దశాంశ స్థానాలతో సహా ఎంతో శాస్త్రీయంగా కనబడతాయి! కవి శైలిని కొలుస్తున్నామనుకొంటూ లిపి స్వభావాన్ని కొలవడమే అక్కడ జరుగుతుంది. పైథాన్‌లో ‘రెజెక్స్’ అనే మరొక లైబ్రరీ ఆశ్రిత గుర్తులను కూడా పదంలో భాగంగా స్వీకరిస్తుంది. అది వీలుకానపుడు ఖాళీల వద్ద, విరామచిహ్నాల వద్ద విరిచే సొంత నియమాన్ని రాసుకోవడం సులభం.

అక్షరాల లెక్కలోనూ జాగ్రత్త అవసరమే. ‘స్త్రీ’ అనేది ఛందస్సులో ఒకే అక్షరం, గురువు. యూనికోడ్ గుర్తుల లెక్కలో ఆరు. వాడుకరి దృష్టిలో ఒక అక్షరంగా కనిపించే భాగాన్ని గుర్తించే యూనికోడ్ నియమం ప్రకారం 2023కు ముందు ఇది ‘స్’, ‘త్’, ‘రీ’ అనే మూడు భాగాలు. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలకు కొత్త నియమం చేరింది. ఆ తర్వాత ఇది ఒకటే భాగం. అందువల్ల ఒకే కోడ్ పాత కంప్యూటర్‌లో ఒక గణసంఖ్యను, కొత్త కంప్యూటర్‌లో మరొక గణసంఖ్యను ఇవ్వవచ్చు. ఛందోగణన చేసినవారు తాము వాడిన లైబ్రరీ పేరుతోపాటు దాని సంచికాసంఖ్యను కూడా పేర్కొనవలసిన అగత్యం ఇక్కడినుండే వస్తున్నది.

గ్రిడ్ చూపేది, దాచేది

గ్రిడ్‌ను బ్రౌజర్‌లో చూపడానికి డేటాటేబుల్స్, టాబ్యులేటర్, ఏజీ గ్రిడ్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలు ప్రచారంలో ఉన్నాయి. మొదటి రెండూ ఉచితంగా, స్వేచ్ఛా అనుమతితో లభిస్తాయి. ఏజీ గ్రిడ్‌లో ఉచిత భాగం, రుసుము చెల్లించవలసిన భాగం వేరువేరుగా ఉన్నాయి. ఎక్సెల్ రూపంలో ఎగుమతి చేసుకొనే సౌకర్యం రుసుము భాగానికి చెందినది. ఒక సిద్ధాంత గ్రంథానికి అవసరమైన కొన్ని వేల వరుసలకు ఈ మూడింటిలో ఏదైనా చాలు. ఎంపికపై ఎక్కువ కాలం వెచ్చించనక్కరలేదు.

గ్రిడ్ బ్రౌజర్‌లో ఉండగానే వికీసోర్స్ నుండి నేరుగా పాఠ్యాన్ని తెప్పించుకోవచ్చు. ఒక స్థలం నుండి వచ్చిన కోడ్ మరొక స్థలంలోని సమాచారాన్ని చదవకుండా బ్రౌజర్లు భద్రత కోసం అడ్డుకొంటాయి. మీడియావికీ ఏపీఐకి పంపే ప్రశ్నలో ‘ఆరిజిన్’ అనే అంశానికి నక్షత్రపు గుర్తును విలువగా ఇస్తే, లాగిన్ కాని వాడుకరులకు ఆ అడ్డు తొలగుతుంది. అయినా పరిశోధనకు ఈ పద్ధతి అంతగా తగదు. నిన్నటి గ్రిడ్, నేటి గ్రిడ్ ఒకటే అన్న హామీ ఇందులో ఉండదు. ముందుగా పైథాన్‌తో సేకరించి, ఒక ఫైల్‌లో స్థిరపరచి, ఆ ఫైల్‌ను గ్రిడ్‌లో చూపడమే శ్రేయస్కరం. పైథాన్ జేసన్ ఫైల్ రాసేటపుడు తెలుగు గుర్తులను సంకేతసంఖ్యలుగా మార్చి రాయడం దాని సహజ ప్రవర్తన. ఫైల్ తెరిచి చూసినవారు పాఠ్యం చెడిపోయిందని కంగారుపడనవసరం లేదు. అది చెడలేదు, అట్లా మార్చవద్దని ఆదేశం ఇస్తే తెలుగుగానే రాస్తుంది.

గ్రిడ్ తెరుచుకోగానే డేటాటేబుల్స్ 10 వరుసలు చూపుతుంది. మిగిలినవి తర్వాతి పుటలలో ఉంటాయి. ఏజీ గ్రిడ్, టాబ్యులేటర్‌లు వేల వరుసలున్నపుడు తెరమీదికి వచ్చే భాగానికే వరుసలను నిర్మించి, కిందికి జరిపినకొద్దీ కొత్తవి నిర్మిస్తాయి. వేగం కోసం చేసిన ఏర్పాటు ఇది. దీని పర్యవసానం చాలామంది గమనించరు. బ్రౌజర్ సొంత వెతుకులాట, అంటే కంట్రోల్, ఎఫ్ మీటలతో తెరిచేది, ఆ క్షణాన నిర్మితమై ఉన్న వరుసలనే చూస్తుంది. రెండువేల పద్యాల గ్రిడ్‌లో ఆ మీటలు నొక్కి, ఫలితం లేదన్న సమాధానం పొందినవారు నిజానికి కొద్ది పద్యాలలో మాత్రమే వెతికారు. గ్రిడ్‌కు చెందిన వెతుకుపెట్టెనే వాడాలి. అది మొత్తం సమాచారాన్ని చూస్తుంది.

ఆ వెతుకుపెట్టెలో ఇంకొక స్వభావం ఉన్నది. ఇచ్చిన గుర్తుల వరుస ఎక్కడ కనబడినా అది స్వీకరిస్తుంది. తెలుగులో హల్లు గుర్తులోనే అకారం ఇమిడి ఉంటుంది, ఇతర అచ్చులు దానికి తోకలుగా చేరుతాయి. అందువల్ల ‘పద’ అని వెతికితే ‘పదము’తోపాటు ‘పదిమంది’, ‘పద్యం’, ‘సంపద’ కూడా వస్తాయి. ‘రామ’ అని వెతికితే ‘పరామర్శ’ వస్తుంది. వచ్చిన వరుసల సంఖ్యను ప్రయోగసంఖ్యగా రాసుకోవడం పొరపాటు. మరోవైపు సంధి జరిగినచోట పదాది అచ్చు మాయమవుతుంది. ‘ఇంద్రుడు’ అని వెతికినవారికి ‘దేవేంద్రుడు’ దొరకదు. ఒకవైపు ఎక్కువ, మరొకవైపు తక్కువ. ఈ రెండు దోషాలు ఒకదాన్నొకటి సరిచేసుకొంటాయని ఆశించరాదు.

క్రమం విషయంలో తెలుగువారికి స్పష్టమైన అంచనాలు ఉంటాయి. జావాస్క్రిప్ట్ సహజంగా గుర్తుల యూనికోడ్ స్థానాన్నిబట్టి పేర్చుతుంది. ఆ స్థానాలలో ళకారం లకారం వెంటనే ఉన్నది. వర్ణమాల చదివేటపుడు హకారం తర్వాత దానిని చదువుతారు. వర్ణమాల చివర పలికే క్షకారం యంత్రానికి కకారపు సంయుక్తాక్షరం మాత్రమే, కాబట్టి ‘క్షమ’ కకారాది పదాలలో కలుస్తుంది. అరసున్న స్థానం అచ్చులకన్నా కూడా ముందున్నది. దీనివల్ల ‘వాఁడు’ అనే పదం ‘వాకిలి’, ‘వాగు’ అనే పదాలకు ముందుకు వెళ్లిపోయి, ‘వాడు’ అనే రూపం వాటి తర్వాత ఎక్కడో మిగులుతుంది. ఒకే గ్రంథం భిన్న ముద్రణలలో అరసున్న పాటించినవి, పాటించనివి ఉన్నపుడు పాఠాంతరాల పట్టికలో ఒక్కచోట ఉండవలసిన రూపాలు ఇట్లా దూరమవుతాయి.

జావాస్క్రిప్ట్‌లో భాషనుబట్టి పోల్చే సాధనం వేరుగా ఉన్నది. దానికి భాష తెలుగు అని చెప్పి గ్రిడ్ లైబ్రరీకి జోడించవచ్చు. అయితే అది ఇచ్చే క్రమం తాము అనుసరించే నిఘంటు క్రమంతో సరిపోతుందో లేదో ళ, ఱ, క్ష, అరసున్నలున్న పది పదిహేను పదాల చిన్న జాబితాతో ముందుగా పరీక్షించుకోవాలి. సరిపోకపోతే క్రమం కోసమే మరొక నిలువువరుసను ఏర్పరచుకొని, అరసున్న తొలగించిన రూపాన్ని అందులో ఉంచుకోవచ్చు.

పద్యసంఖ్యలు కూడా ఇట్లాగే ఇబ్బంది పెడతాయి. సంఖ్యను పాఠ్యంగా పరిగణించినపుడు శతకంలోని 108 పద్యాలు 1, 10, 100, 101 అనే వరుసలో వచ్చి, రెండవ పద్యం ఎంతో కిందికి దిగుతుంది. పాత ముద్రణలనుండి వచ్చిన తెలుగు అంకెలైతే ఇంకొక మెలిక. పైథాన్ ‘౧౦’ అనే దానిని పదిగా గుర్తిస్తుంది. జావాస్క్రిప్ట్ దానిని సంఖ్య కాదని తోసిపుచ్చుతుంది. సేకరణ దశలో సరిగానే ఉన్న నిలువువరుస ప్రదర్శన దశలో తారుమారైతే కారణం ఇది కావచ్చు. పైథాన్ దశలోనే అంకెలను సంఖ్యలుగా మార్చి ఫైల్‌లో పెట్టుకోవడం మంచిది.

ఎగుమతి గురించి ఒక మాట. గ్రిడ్ నుండి సీఎస్‌వీ ఫైల్ తీసి ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు చెదిరిపోవచ్చు. ఫైల్ ఆరంభంలో యూటీఎఫ్-8 అని తెలిపే గుర్తు ఉండాలి. పైథాన్‌లో ‘యూటీఎఫ్-8-సిగ్’ అనే పద్ధతిని ఎంచుకొంటే ఆ గుర్తు చేరుతుంది. ఎక్సెల్ గడిలో 32,767 గుర్తులకు మించి పట్టవు. ఒక ఆశ్వాసాన్ని మొత్తంగా ఒకే గడిలో ఉంచుకొన్నవారికి ఆ పరిమితి త్వరగానే ఎదురవుతుంది. పద్యానికొక వరుస అనే నియమం ఇక్కడ కూడా మేలు చేస్తుంది.

వరుసకు తోడుండవలసిన వివరాలు

తెలుగు వికీసోర్స్‌లోని గ్రంథాలు చాలావరకు ముద్రిత ప్రతుల ఛాయాచిత్రాలనుండి ఓసీఆర్ ద్వారా తీసి, స్వచ్ఛంద కార్యకర్తలు దిద్దినవి. అక్కడ ప్రతి పుటకూ ఒక నాణ్యతా స్థాయి ఉంటుంది. పాఠ్యం లేనిది, ఇంకా దిద్దనిది, సమస్య ఉన్నది, ఒకరు దిద్దినది, మరొకరు సరిచూసి ఆమోదించినది అని అయిదు స్థాయిలు. దిద్దని పుటలో ‘మ’ స్థానంలో ‘వు’, ‘ధ’ స్థానంలో ‘థ’ ఉండడం ఆశ్చర్యం కాదు. సున్న ఫలితాలకు ఇది మరొక మూలం. పుట నాణ్యతా స్థాయిని కూడా ఏపీఐ అడిగితే ఇస్తుంది. దానిని ఒక నిలువువరుసగా చేర్చి, ఆమోదించిన పుటలు ఎన్ని, దిద్దనివి ఎన్ని అని ముందుగా లెక్కించుకొంటే, ఏ నిర్ధారణ ఎంత గట్టిదో తెలుస్తుంది. ఈ చిన్న నిలువువరుస చేర్చడానికి అయ్యే శ్రమ రెండు పంక్తుల కోడ్ మాత్రమే. దాని విలువ గ్రిడ్‌లోని మిగతా హంగులన్నిటికన్నా ఎక్కువ.

ముద్రణ వివరం మరొకటి. ‘కన్యాశుల్కం’ అని మాత్రమే రాసిన వరుస పరిశోధనకు చాలదు. 1897 నాటి మొదటి కూర్పు, 1909 నాటి రెండవ కూర్పు ఎంతో భేదం గలవి. గురజాడ భాష గురించి గ్రిడ్ ఆధారంగా చెప్పే ఏ మాటకైనా ఏ కూర్పు అన్న నిలువువరుస తప్పనిసరి. వికీసోర్స్‌లో పుట ఏ ముద్రిత ప్రతి ఛాయాచిత్రానికి చెందినదో దాని పేరులోనే ఉంటుంది కాబట్టి దానిని కూడా సేకరణ సమయంలోనే పట్టుకోవచ్చు.

వికీ పుటలు మారుతూ ఉంటాయి. ఈ రోజు దిద్దని పుట రేపు దిద్దబడుతుంది. అయితే ప్రతి మార్పుకూ ఒక సంఖ్య ఉన్నది, ఆ సంఖ్యతో పుట పాత రూపాన్ని ఎప్పుడైనా తెరవవచ్చు. పాఠ్యంతోపాటు ఆ మార్పుసంఖ్యను, సేకరించిన తేదీని వరుసలో ఉంచితే, పరీక్షకులు పరిశోధకులు చూసిన పాఠాన్నే చూడగలుగుతారు. ముద్రిత గ్రంథానికి ప్రచురణ సంవత్సరం ఎట్లాగో దీనికి ఆ సంఖ్య అట్లాగే.

గ్రిడ్‌ను సొంతానికి వాడుకోవడం ఒకటి, సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా బహిరంగంగా ప్రచురించడం మరొకటి. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సాహిత్య రచనలపై హక్కు రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరివరకు ఉంటుంది. పరిశోధన కోసం సముచితంగా వాడుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉన్నా, సంపూర్ణ పాఠాన్ని అందరికీ తెరిచిపెట్టడం దాని పరిధిలోకి రాదు. హక్కులున్న రచనల విషయంలో బహిరంగ గ్రిడ్‌లో మూలపాఠపు నిలువువరుసను తీసివేసి, పదం, అది వచ్చిన పుట, పంక్తి సంఖ్య, ముద్రణ వివరం మాత్రమే ఉంచవచ్చు. మరొక పరిశోధకులు ఆ గ్రంథాన్ని ముందు పెట్టుకొని వరుసవరుసనూ సరిచూడటానికి ఆ నాలుగు నిలువువరుసలు సరిపోతాయి.